పెరటి కోకోకు పరీక్ష

మా పెరట్లో ఒకే ఒక్క కోకో చెట్టు ఉంది. కాయలు వంకర, గింజలు చిన్నవి. మామగారు బతికుండగా ఎక్కడినుంచో విత్తనం తెచ్చి నాటారు. ఇప్పుడు ఆ చోట మరిది గది కట్టుకుంటానన్నాడు. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకుపోయాడు. అత్తగారు తన కుర్చీ చెట్టు కిందికి మార్చుకున్నారు.

నేను కోకో పరిశోధన కేంద్రంలో పనిచేస్తాను. ఇక్కడి తోటల్లో ఉన్నవి దాదాపు అన్నీ మేం అమ్మిన అంటుమొక్కలే. పక్కింటివాళ్లదీ అదే. అన్నీ ఒక తల్లి పిల్లలు కాబట్టి ఒకదానికి తెగులొస్తే అన్నిటికీ వచ్చినట్టే. అందుకే వేరే రకం ఎక్కడ దొరికినా మావాళ్లు కొమ్మలు తెచ్చి అంటుకట్టి కాపాడతారు. మన చెట్టు వేరే రకమని తేలితే గది మేడమీద కట్టుకోమని మరిదిని అడిగాను.

"తేలితే అలాగే. మన చెట్టుకు అంత సీను లేదు వదినా," అన్నాడు.

జన్యు పరీక్షకు ఓ ఆకు కోసి ఉంచమంటే అత్తగారు కడిగి, తుడిచి, కవర్లో పెట్టి ఇచ్చారు. నిగనిగలాడుతోంది. పరీక్షలో అది అచ్చం మేం అమ్మే రకమేనని వచ్చింది. మరిది మేస్త్రీకి ఫోన్ చేశాడు.

పొద్దున మేస్త్రీ గొడ్డలితో వచ్చాడు. అత్తగారు కుర్చీలోంచి లేవలేదు.

"అమ్మాయ్, ఆ ఆకు మనది కాదు."

"మరెవరిది అత్తయ్యా?"

"పక్కింటివాళ్లది. మన ఆకుల నిండా మచ్చలూ చిల్లులూనూ. చదువుకున్నవాళ్ల ముందుకు అలాంటిదా పంపేది?"

"పెళ్లికూతుర్ని మార్చేశావన్నమాట," అన్నాడు మరిది. మేస్త్రీ గొడ్డలి గోడకు ఆనించి మంచినీళ్లు అడిగాడు.

ఈసారి నేనే బాగా చిల్లులున్న ఆకు చూసి కోశాను. అత్తగారు తువ్వాలు తెస్తే వద్దన్నాను. ఫలితం చూసి మా ఆఫీసరుగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. మా దగ్గరున్న ఏ రకంతోనూ అది కలవలేదు. వెంటనే అంటుకొమ్మలు పట్టుకు రమ్మన్నారు. మరిది మేస్త్రీని మేడమీదికి తీసుకెళ్లాడు.

మర్నాడు నేను కత్తెర వెతుక్కుంటుంటే అత్తగారు తడిగుడ్డలో చుట్టిన కొమ్మలు చేతికిచ్చారు. విప్పి చూస్తే కొన్ని మరీ ఏపుగా ఉన్నాయి.

"ఇవన్నీ మనవేనా అత్తయ్యా?"

"సగం మనవే," అన్నారావిడ. "వట్టి మనవైతే మరీ బక్కగా ఉన్నాయి."