ఏసీ కింద చోటు

వ్యాయామం హాల్లో ఏసీ కింద చోటు ఎవరికీ అక్కర్లేదు. ఏసీ కారి నేలంతా తడి. బస్సు కండక్టరమ్మకు మాత్రం అదే కావాలి. చిన్నోడు పుట్టినప్పటి నుంచి నాలుగు గెంతులు గెంతితే చాలు, ఆమెకు ఒంటేలు జారిపోతోంది. ఆ తడిలో ఈ తడి కలిస్తే అడిగే నాథుడు లేడు.

అలా గుట్టుగా సాగుతుండగా ఆడపడుచు వచ్చి అదే క్లాసులో చేరింది. కండక్టరమ్మ గుండెల్లో రాయి పడింది. ఆడపడుచు నోట్లో నువ్వుగింజ నానదు. ఆమెకు తెలిస్తే అత్తగారికి తెలుస్తుంది, మొగుడికి తెలుస్తుంది, బస్సు డిపో అంతటికీ తెలుస్తుంది.

చేరిన మర్నాడే ఆడపడుచు అందరికంటే ముందొచ్చి ఏసీ కింద నిలబడింది.

"అక్కడ జారుతుంది వదినా, ఇటు రండి."

"నాకు ఉక్కపోస్తుందే తల్లీ. నువ్వే పో అటు."

ఏసీ హాల్లో ఉక్కా! నేలవంక అస్తమానం చూస్తుందేం? నిన్న ఇంటికొచ్చి, ఆరేసిన నల్ల ప్యాంట్లను ఎగాదిగా చూసిందేం? సాక్ష్యం కోసం మాటు వేసింది, ఇంకేముంది! ఆనాటి నుంచి ఇద్దరూ ఆ మూల కోసం భుజాలతో తోసుకున్నారు. తోడికోడళ్ళు పొయ్యి దగ్గర కూడా అంత తోసుకోరు.

ఒక సోమవారం మెకానిక్ వచ్చి ఏసీ బాగుచేసి పోయాడు. "ఇక చుక్క కారదు," అంది కోచ్ అమ్మాయి.

కండక్టరమ్మ మోకాలు పట్టేసిందని అబద్ధమాడి గోడవార స్టూలు మీద కూర్చుంది. ఆడపడుచు మాత్రం ఏసీ కిందే. కోచ్ చప్పట్లు కొట్టింది. అందరూ గెంతారు. పాట ఆగేసరికి ఆడపడుచు కాళ్ళ దగ్గర నేల మెరుస్తోంది.

ఆడపడుచు చటుక్కున తల పైకెత్తింది. "చూశారా, మళ్ళీ కారుతోంది! ఆ మెకానిక్కుకి పని రాదు!"

"ఉండండి, ఫోన్ చేసి వాణ్ణి కడిగేస్తా," అంది కోచ్.

కండక్టరమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటే ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ తను వణికింది ఈవిడకా! లేచి వెళ్ళి తన తువ్వాలు ఆ తడి మీద పడేసింది.

"పాపం, వాణ్ణి తిట్టకమ్మా. ఇన్నాళ్ళూ ఇక్కడ కారింది ఏసీ ఒక్కటే కాదు. నేను కూడా."

ఆడపడుచు ఆమె మోచెయ్యి గిల్లింది. "నోర్ముయ్యవే!" తర్వాత గొంతు దిగింది. "నీక్కూడానా?"

"చిన్నోడు పుట్టినప్పట్నుంచి. మీకో?"

"మీ పెళ్ళికి ముందునుంచీ. డాక్టరమ్మ, పిల్లల్ని కన్నాక మామూలే అంది."

"మామూలేంటి వదినా!" కండక్టరమ్మ గొంతు బస్సులో టికెట్ టికెట్ అని అరిచినట్టే లేచింది. "కాలు విరిగినోణ్ణి, కుంటడం మామూలే పోరా అంటారా? కింది కండరాలు వదులైతే బిగించే వ్యాయామం ఉందట. నేర్పేవాళ్ళూ ఉన్నారట. రేపు ఇద్దరం పోదాం."

ఎవరూ నవ్వలేదు. అదే ఆమెకు అనుమానం తెచ్చింది. ఇంతమంది ఆడవాళ్ళలో ఒక్కరూ కిసుక్కుమనరేం? తేరిపార చూసింది. అందరివీ నల్ల ప్యాంట్లే. పాట పెట్టేముందు బాత్రూం దగ్గర వరుస కట్టేదీ వీళ్ళే. మరి కోచ్? అరుస్తుంది, చప్పట్లు కొడుతుంది. గెంతగా చూసినవాళ్ళెవరు?

"అమ్మాయ్, నువ్వోసారి గెంతు చూద్దాం."

కోచ్ ఫోన్ జేబులో పెట్టుకుంది. తలుపు వంక ఒకసారి చూసి, దగ్గరకొచ్చి గొణిగింది.

"రేపు ఎన్నింటికి వెళ్తున్నారాంటీ?"