పని ఫొటోలు

నా భార్య ఫొటోలన్నీ నా కూతురే పోగొట్టింది. ఇందులో వాదనకు చోటు లేదు.

మాది కాలిపోయిన మోటార్లు బాగుచేసే షాపు. విప్పేముందు ఏ వైరు ఎక్కడుందో ఫోన్లో ఫొటో తీసుకుంటాను. బిగించి, మోటారు తిరిగాక ఆ ఫొటోలు తుడిచేస్తాను. మోటారు లోపల రాగితీగ చుట్టేది నా భార్య. ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో, పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టేది. అప్పుడప్పుడు ఆమెనూ తీసేవాణ్ని.

"నా మొహం ఎక్కడికి పోతుంది? ముందు ఆ వైర్లు తీయండి. తర్వాత తల గోక్కుంటూ నన్ను పిలుస్తారు," అనేది.

ఆమె పోయిన రెండో వారం అమ్మాయి వచ్చి నా ఫోన్లో కొత్త ఫొటోల యాప్ పెట్టింది.

"నీ అలవాట్లు చూసి అదే సర్దిపెడుతుంది నాన్నా. ఒక్కోటీ తుడుస్తూ కూర్చోనక్కర్లేదు."

"నాకెందుకే అవన్నీ?"

"ఫోన్ నిండిపోయింది, అందుకు. ఇదిగో, అడుగుతోంది చూడు. షాపులో తీసినవన్నీ పని ఫొటోలేనా, వారం దాటితే తీసేయనా అని. అవునని నొక్కు."

నొక్కాను. వేలు నాదే. నొక్కమన్నది అమ్మాయి.

షాపు బయట ఆమెను తీసింది లేదు. ఎక్కడికి వెళ్లాం గనక? పెళ్లినాటి ఫొటో ఒకటుంది. అందులో ఉన్నది ఎవరో బెదిరిన పిల్ల, తీగ చుట్టే మనిషి కాదు.

మూడు నెలలపాటు ఆమె ఫొటోలు చూసే ధైర్యం చాలలేదు. తెరిచేసరికి మందుల చీటీలు, కరెంటు మీటరు, నా బొటనవేలు మిగిలాయి. తీసేసినవి నెల్లాళ్లు చెత్తబుట్టలో ఉంటాయట. ఆ నెల ఎప్పుడో దాటింది.

"అమ్మవన్నీ షాపులోవేనని నాకేం తెలుసు నాన్నా? నువ్వైనా చెప్పాల్సింది," అని ఏడ్చింది అమ్మాయి.

"ముప్ఫై ఏళ్లు షాపులో స్టూలు దిగలేదు మీ అమ్మ. బడి నుంచొచ్చి ఆ పక్కనే కూర్చుని రాసుకున్నావు. ఇంకెక్కడుంటాయే?"

తన ఫోనంతా వెతికింది. మనవరాలి ఫొటోలో పక్కన ఒక మోచెయ్యి దొరికితే, అమ్మదేనని పంపింది. మోచెయ్యి ఎవరికైనా ఉంటుంది.

ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా, "తెలిసినవాళ్లెవరికైనా నీ ఫోన్ చూపిద్దాం నాన్నా," అంటుంది. పోయినవి రావని తనకూ తెలుసు. వద్దన్నాను. చెప్పాల్సింది ఇక్కడితో చెప్పేశాను. ఇకమీదట ఎవరడిగినా ఈ సంగతి నా నోట రాదు.