స్కానింగులో కనబడని నొప్పి

ఆ లాండ్రీ కొట్టులో నవ్వులకేం కొదవ లేదు. ఇస్త్రీ అక్క పెట్టె పక్కన పెట్టి నడుం పట్టుకుందంటే చాలు, బట్టల కోసం వచ్చినవాళ్లు "నడుం మళ్లీ సెలవడుగుతోందా అక్కా?" అనేవారు. మడతలు పెడుతున్న భర్త తలెత్తకుండానే, "స్కానింగులో ఏమీ లేదన్నారండీ. నొప్పి నడుములో లేదు, నాలుక మీదుంది" అనేవాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేసేది. అలాంటి నవ్వులో మనమెవరం గొంతు కలపలేదు?

వీధి చివరి క్లినిక్కులో ఏళ్ల తరబడి అవే బిళ్లలు. ఈమధ్య కడుపులో మంట కూడా మొదలైంది. డాక్టరమ్మ చెడ్డదేం కాదు. బయట బెంచీల నిండా జనం, లోపల తనొక్కతే.

"డోసు కాస్త పెంచనా?" అంది రాస్తూనే.

"వద్దు డాక్టరమ్మా. నొప్పి తగ్గకపోయినా ఫరవాలేదు. అది నిజమేనని మా ఆయనతో ఒక్క మాట చెప్పండి, చాలు."

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఈమె ఎలా పనిచేస్తుందో, ఎలా పడుకుంటుందో తనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగింది. పొద్దస్తమానం నిలబడటం, మూటలెత్తడం, వంగితే విరిగిపోతానేమోనన్న భయం, పట్టని నిద్ర, అన్నీ బయటికొచ్చాయి. వరండాలో గొణుగుడు మొదలైనా డాక్టరమ్మ కదల్లేదు. బయట కూర్చున్న భర్తను లోపలికి పిలిపించింది.

"స్కానింగు బాగుందన్నారుగా?" అన్నాడతను.

"బాగుందంటే ప్రమాదం లేదని. నొప్పి లేదని కాదు. నొప్పి ఏ ఫొటోలోనూ పడదు."

"అయితే ఓ ఇంజెక్షనో, ఆపరేషనో చేసెయ్యండి."

"ఈవిడకు వాటితో పనిలేదు. ఈ బిళ్లలు కడుపును తినేస్తున్నాయి, ఆపేద్దాం. నడక, నేను చూపించే వ్యాయామం, పని మధ్యలో విశ్రాంతి. పూర్తిగా పోతుందని అబద్ధం చెప్పను. నెలనెలా రండి, కలిసి చూసుకుందాం."

"ఏం చెప్పినా చేస్తాను. పని మానెయ్యమని మాత్రం అనకండి" అంది ఇస్త్రీ అక్క.

మర్నాడు భర్త ఇస్త్రీ బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాడు. మూటలు తనే మోశాడు. మొదట్లో వ్యాయామంతో నొప్పి ఎక్కువైంది. ఆమె ఏడ్చింది, కానీ మానలేదు. ఇప్పటికీ నడుం నొప్పి పూర్తిగా పోలేదు. కానీ కంటినిండా నిద్రపోతోంది, కడుపులో మంట పోయింది, వేరెవరి చేతికీ ఇస్త్రీ పెట్టె ఇవ్వడం లేదు.

ఆ క్లినిక్కులో కొత్తగా చేరిన డాక్టరు, "రిపోర్టులో ఏమీ లేకపోతే ఏం చెయ్యాలి మేడమ్?" అని అడిగాడు.

డాక్టరమ్మ అంది: "రిపోర్టు తర్వాత చూడొచ్చు బాబూ. నొప్పని వచ్చిన మనిషిని ముందు నమ్ము. వైద్యం అక్కడే మొదలవుతుంది."