గోపమ్మ చెలకల సముద్రం

పొద్దున లేస్తే గోపమ్మకు ముందు చీపురు, తర్వాతే చాయ్. రాత్రి గాలికి గడపలో చేరిన ఇసుకను ఊడ్చి, చాటకెత్తి, ఇంటెనక చెలకలో పోసి వస్తుంది. "ఎవలది వాళ్లకియ్యాలె" అంటుంది.

ఆ ఇసుక కల్వకుర్తి చుట్టుపక్కల దొరికేది కాదు. సముద్రం ఒడ్డుది. వయసులో ఉన్నప్పుడు గోపమ్మ ప్రతి ఎండాకాలం గొర్రెలను తోలుకుని, కృష్ణ దాటి తీరందాకా నడిచేది. అక్కడి రైతులు మందను తమ ఇసుక తోటల్లో పడుకోబెట్టించుకునేవాళ్లు, పెంటికల బలానికి కూరగాయలు బాగా కాస్తాయని. తొలకరికి తిరిగొచ్చేటప్పుడు గొర్రెల గిట్టల్లో కాస్త కాస్త ఇసుక వచ్చేది. ఇరవై ఏండ్లకు అరెకరం ఎర్రచెలక తెల్లబడింది. ఇసుక వెంట సముద్రమూ వచ్చింది. అమాసకు చెలకలో అలల చప్పుడు లేస్తుందని ఊరందరికీ ఎరుకే. ఆ రోజు అటువైపు బట్టలు ఆరేయరు, ఉప్పుగాలికి జిగటైతాయని. అంతే.

మంద అమ్ముడుపోయి ఏండ్లైంది, చెలక బీడు పడింది. ప్లాట్లకు ఇచ్చేద్దామని గోపమ్మ కొడుకు దామోదర్ అన్నప్పుడు, డిగ్రీ మధ్యలో ఆపేసి ఇంటికాడుంటున్న అతని బిడ్డ సుస్మిత అడ్డం పడింది.

"కూరగాయలు పెడత బాపూ. కాయకపోతే అమ్ము."

చెరువు పూడిక మట్టి రెండు ట్రాక్టర్లు పోయించి, టమాట, వంకాయ నారు పెట్టింది. నెల తిరక్కుండానే ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోయాయి.

"ఇసుక గదా" అన్నాడు దామోదర్. సుస్మిత అవునన్నట్టు తలూపింది.

నిజం ఆమెకొక్కతికే తెలుసు. ఇరవై నాలుగు గంటల కరెంటు. బోరు మోటారుకు ఆటోస్టార్టర్ పెట్టి, ఫోన్ చూసుకుంటూ నిద్రపోయేది. తెల్లారేదాకా పారిన నీళ్లు మట్టిలోని సారాన్నంతా కిందికి కడిగేశాయి.

గోపమ్మ తన చుట్టం ఐలేశం గొర్రెల మందను ఏడు రోజులు చెలకలో ఆపించింది. జనుము చల్లించి, పూతకు రాగానే ఎరువుకని మట్టిలోకి కలియదున్నించింది. కొత్త నారు మొదళ్లలో పల్లికాయ పొట్టు పరిపించింది. అటక మీదినుంచి, ఒకప్పుడు తీరంలో నీళ్లు మోసిన రెండు మట్టి కుండలు దించింది.

"పైపు గాదు బిడ్డా, దోసిలి. ఇసుకకు కడుపు చిన్నది. పొద్దుగాల జర, మాపటికి జర తాపాలె."

"నా నడుమేంగావాలె అవ్వా?"

"దినమంత ఫోను మోస్తలేవా? గిదీ గట్లనే."

నారు నిలబడింది. పూత కూడా పట్టింది. సరిగ్గా అప్పుడే బోరు ఎండిపోయింది. దామోదర్ ఇక ఆగలేదు. అమాస పొద్దున కొనేవాణ్ని, నాగేందర్‌ను, వెంటబెట్టుకొచ్చాడు.

నాగేందర్ చెప్పుతో ఇసుక కెలికాడు. "పోయినేడు పంటను గీ ఇసుకే మింగింది. గిప్పుడు బోరూ పాయె. ఇంకేం జేస్తవన్నా దీంతోని?"

సుస్మిత ఇంటి నుంచి మోసుకొస్తున్న కుండ దించింది.

"ఇసుక మింగలే. నేను మోటారు బందు చెయ్యక పంట పాడైంది, బాపూ. నీకు చెప్పలే. ఇసుక మీదికి తోసిన."

"ఇన్ని దినాలా?"

"ఇన్ని దినాలు."

దామోదర్ నోరు తెరిచేలోపు అలల చప్పుడు లేచింది. గోపమ్మ చతికిలబడి చేత్తో ఇసుక తోడింది. మూరెడు లోతుకల్లా నీళ్లు ఊరాయి, మంద పడుకున్న తీరం తోటల్లో ఊరినట్టే. దామోదర్ వంగి దోసిలి పట్టి తాగాడు. తియ్యగా ఉన్నాయి. ఏడేండ్లప్పుడు గొర్రెపిల్లను చంకనెత్తుకుని, అమ్మ వెనక నడిచి నడిచి, కాళ్లు బొబ్బలెక్కి, మొదటిసారి సముద్రం చూసిన పొద్దు తాగిన నీళ్లవి.

"గిన్నేండ్లు యాడున్నయే అమ్మా, గీ నీళ్లు?"

"తొవ్వలనే ఉన్నయి కొడుకా. గొర్రెల నడకన రావాలె గద."

నాగేందర్ గొంతు సవరించుకున్నాడు. "మరి అమ్మకం కాగితం?"

"రేపు సముద్రం వాపసు అడిగితే నేనేం జెప్పాలె తమ్మీ?" అన్నాడు దామోదర్.

నాగేందర్‌కు అది సబబుగానే తోచింది. పక్క ఊళ్లో జాగా చూసుకుంటానని బండెక్కాడు.

దామోదర్ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, రెండో కుండ ముంచి భుజానికెత్తుకున్నాడు.

"గా మోటారు ఊడదీసి ఇంట్ల పెట్టు" అన్నాడు బిడ్డతో. నాలుగడుగులు వేసి, తిరిగి చూడకుండానే, "గా ఫోను గూడ."