పేరు మారిన ముఖం

అంతియొకయలో ఇల్లు కట్టుకోవాలంటే ఇప్పుడు ఎవరికీ ఉత్సాహం లేదు. భూమి రెండుసార్లు కుదిపి వదిలాక ఊరికి దైవనగరమని కొత్త పేరు పెట్టారు. పేరు మారిస్తే గోడలు నిలబడతాయని ఆశ. బర్లాహాకి ఆ ఆశ కూడా లేదు. నేల మీద రంగు రాతిముక్కలు పరిచి బొమ్మలు తీర్చే పనివాడతను. మోకాళ్ళు అరిగిపోయాయి. భార్య షమూని మొదటి కంపంలోనే గోడ మీద కూలి చనిపోయింది.

ఊళ్ళో కలిగినావిడ యూస్తోలియా ఇంటి భోజనశాలలో, బర్లాహా తానే ఒకప్పుడు పరిచిన నేల మీద, మళ్ళీ మోకాళ్ళు ఆన్చి కూర్చున్నాడు. నడిమధ్యన సుఖానికి రూపం కట్టినట్టు ఒక ఆడమనిషి ముఖం, పక్కన 'సుఖం' అని అక్షరాలు. ఆ ముఖం షమూనిది. ఊళ్ళో పరిచిన తక్కినవన్నీ శిథిలాల కింద పోయాయి, ఆమె పోలిక లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు.

"దీన్ని పీకేసి నవజీవనం బొమ్మని పెట్టు," అంది యూస్తోలియా. ఆమె భర్తా ఆ కంపంలోనే పోయాడు. కూతురి పెళ్ళి మాత్రం ఈ గదిలోనే చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. "సుఖమని రాసుకుని పడ్డ సుఖం చాలు."

బర్లాహా ఆ ముఖం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"పీకడం దేనికమ్మగారూ? అక్షరాలు మారిస్తే సరి. సుఖమైనా, ఔదార్యమైనా, నవజీవనమైనా మేం పెట్టేది ఓ ఆడమనిషి మొహమే. పక్కన రాసింది చదివితేనే గదా ఎవరో తెలిసేది!"

"నీ అసాధ్యం కూలా! ఒక్క మొహాన్నే ఇన్ని పేర్లతో ఊరంతా అంటగట్టావన్నమాట."

"ఊరి పేరే అలా మార్చారు. నేను చేస్తే తప్పొచ్చిందా?"

ఆమె నవ్వలేదు గానీ ఒప్పుకుంది. "బొమ్మ నోరు చితికిపోయింది చూడు. ఇదివరకటిలాగే నవ్వుతూ ఉండాలి. వియ్యాలవారు వచ్చేవేళకి ఏడుపుమొహం కనబడిందంటే ఇంకొకణ్ణి పెట్టి మొత్తం తవ్వించేస్తా."

అక్షరాలు ఒక పూటలో మారిపోయాయి. నోరే కుదరలేదు. తడి సున్నంలో పెదవుల ముక్కలు గుచ్చాడు, చూశాడు, పీకాడు, మళ్ళీ గుచ్చాడు. నవ్వు వస్తోంది, షమూని రావడం లేదు. ఎవరో పరాయిది ఆమె కళ్ళు పెట్టుకుని ఇకిలిస్తున్నట్టుంది.

అసలు ఆమె అలా నవ్విందెప్పుడు? ఆ నవ్వు అప్పట్లో ఈ ఇంటాయన అడిగాడని పెట్టింది. షమూని పొద్దంతా బర్లాహాకి రాళ్ళు ఏరేది, సున్నం కలిపేది. సాయంత్రం బార్లీ రొట్టె అతని ముందు పెట్టి, పెదాలు బిగించి గోడకి చేరగిలబడేది. ఏమిటే అలా ఉన్నావంటే, "ఏం లేదు, తిను," అనేది. అతనికి గుర్తున్న ముఖం అదొక్కటే. అంత కష్టపెట్టానా అని బర్లాహా కుళ్ళికుళ్ళి ఏడ్చాడు. ఆ తర్వాత, సున్నం బిగుసుకోకముందే నవ్వు ముక్కలన్నీ ఏరేసి, ఆ బిగించిన పెదాలే పరిచాడు. తవ్విస్తే తవ్వించుకోనీ, ఒక్క పూటయినా ఆమె ఆమెలా ఉంటుంది.

మర్నాడు యూస్తోలియా వచ్చి చూసింది.

"నవ్వేదీ?"

"రాలేదమ్మగారూ. ఇంతే వచ్చింది. తవ్విస్తానంటే గునపం నేనే తెచ్చిస్తా."

ఇంటి పనివాళ్ళు గుమ్మంలో ఆగిపోయి ఆమె వంకే చూస్తున్నారు. యూస్తోలియా, పట్టుబట్టకి సున్నం అంటుతుందని కూడా చూసుకోకుండా ఆ ముఖం పక్కన చతికిలబడింది. తన పెదాలూ అలాగే బిగిసి ఉన్నాయి.

"పెళ్ళినాడు దీని మీద బల్ల వేయిస్తాలే," అంది. "తక్కిన రోజులు నాకిలాగే ఉండనీ."