దర్జీ టేపు, మేస్త్రీ టేపు

నలభై ఏళ్లలో తాను కుట్టిన చొక్కా ఒక్కటీ వెనక్కి రాలేదని దర్జీ చెప్పుకునేవాడు. ఏనుగును తెచ్చి నిలబెట్టినా కంటితోనే కొలిచి లాగూ కుట్టేస్తాడని ఊళ్లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించిందీ ఆయనే. అలాంటి మనిషి సొంతిల్లు కట్టుకుంటూ, పునాది గుంతల దగ్గర బావమరిది చేత మాట పడ్డాడు.

బావమరిది తాపీమేస్త్రీ. ముందువైపు రెండు మూలలకూ తన ఇనప టేపుతో ముప్పై అడుగులు కొలిచి గుర్తు పెట్టి వెళ్లాడు. అతను తిరిగొచ్చేదాకా ఆగలేక, వెనకవైపు ముప్పై అడుగులూ దర్జీ తన గుడ్డ టేపుతో కొలిచి తవ్వించేశాడు. గుంతల్లో కమ్మీల జాలీలు కూడా కూర్చున్నాయి. ఇంకో గంటలో కాంక్రీటు కలిపే మిషను వస్తుంది. కాంక్రీటు పడ్డాక ఏ గుంతా ఎవరి మాటా వినదు.

మేస్త్రీ మూల నుంచి ఎదురు మూలకు టేపు లాగి చూశాడు. రెండువైపులా ఒకే కొలత రావాలి. మూడున్నర అంగుళాలు తేడా వచ్చింది.

"బావా, ఇల్లు కడుతున్నావా, చేట అల్లుతున్నావా?"

"నీ టేపే తాగి ఉంటుంది, చూసుకో."

దర్జీ రెండు టేపులనూ చెక్క మీద పక్కపక్కన పరిచాడు. గుడ్డ టేపు అరవై అంగుళాలన్నచోట ఇనప టేపు అరవై ఒకటి అంటోంది. అలా ఆరుసార్లు వేసి కొలిచేసరికి వెనకవైపు అర అడుగు పెరిగిపోయింది.

"లాగి లాగి సాగదీశావు," అన్నాడు మేస్త్రీ. "మరి నీ చొక్కాలు ఇన్నాళ్లూ అందరికీ ఎలా సరిపోయాయి బావా?"

దర్జీ ముఖం చిన్నబోయింది. ఇల్లు పక్కకు పోయి ఆ ప్రశ్నే పట్టుకుంది ఆయన్ని. గుంత గట్టున కూర్చుని గాలిలో ఒక ఛాతీ కొలిచాడు. గాలిలోనే గుడ్డ కొలిచి కత్తిరించాడు. మళ్లీ కొలిచాడు. కాంక్రీటు మిషను చప్పుడు వీధి మలుపులో వినబడుతుండగా లేచి నిలబడ్డాడు.

"మనిషినీ దీంతోనే కొలిచాను, గుడ్డనూ దీంతోనే కొలిచాను. రెండుచోట్లా ఒకే అబద్ధం ఆడింది, సరిపోయింది. ఇక్కడ మధ్యలో నీ టేపు దూరింది."

"అయితే తప్పు నాదే అంటావు."

"నీదీ కాదు, నాదీ కాదు. ఒక ఇంటికి ఒకే టేపు ఉండాలంటున్నా."

మేస్త్రీ నవ్వుకుంటూ పార తీశాడు. "వెనక మూల గుంత ఆరంగుళాలు లోపలికి జరిపేస్తా."

గట్టు మీద నిలబడి ఇదంతా చూస్తున్న దర్జీ భార్య అడిగింది. "ఒరే తమ్ముడూ, అది వదిలేసి ముందు మూల గుంతనే బయటికి జరిపితే?"

"రెంటికీ పని ఒకటే అక్కా. ఇల్లు అర అడుగు పెరుగుతుంది."

"స్థలం ఉందిగా. మీ బావ టేపే ఖాయం చెయ్యి."

దర్జీ బావమరిది చేతిలోంచి పార లాక్కుని ముందు గుంతలోకి తానే దిగాడు.