కర్పూరపు సవతి

పెళ్లికి మూడు రోజుల ముందే మా ఆయన నాకు సవతిని తెచ్చి కొట్టంలో పెట్టుకున్నాడు.

ఆ ఏడాది వాన దంచికొట్టింది. ఏరు పొంగి, కొండ మీది ముసలి కర్పూర చెట్టొకటి వేళ్లతో సహా కొట్టుకొచ్చింది. ఊళ్లో అందరూ మాను కోసం కొట్టుకుంటుంటే, చుంగ్ ఆఖున్ అనే ఈ మహానుభావుడు మాత్రం మొదట్లోని వేరుముద్దను కావలించుకుని నడుంలోతు నీళ్లలో వేలాడాడు. పెళ్లిరోజున తుమ్ముతూనే నిలబడ్డాడు. నన్ను తెచ్చుకోవడానికి అందులో సగం కూడా కష్టపడలేదు.

మా సాన్‌యి ఊరంతా చెక్కబొమ్మలు చెక్కేవాళ్లే, ఉలి లేని ఇల్లుండదు. మా ఆయన చేతిలో పడిన ఏ మొద్దూ ఏడాది తిరిగేసరికి ఏనుగో, బాతో, దేవుడో కాకుండా పోలేదు. ఆ వేరు మాత్రం ముప్పయ్యొక్క ఏళ్లు వేరుగానే ఉంది. రంపంతో ఒక ముఖం కోశాడు, అంతే. రోజూ పొద్దున్నే గిన్నెడు నీళ్లు పట్టుకెళ్లి ఆ ముఖం మీద పోసేవాడు. తడి తగలగానే పైనున్న బూడిదరంగు పోయి, లోపలి గీతలు లేచి వచ్చేవి. తేనెరంగు, ఎర్రమట్టిరంగు, మధ్యలో ఎక్కడో సన్నగా పసుపు. కొట్టమంతా గుప్పుమనేది.

“రాయైతే చెప్పినచోట పగులుతుందే కిన్‌మోయ్,” అనేవాడు. “ఇదలా కాదు. ఇదిగో, ఇక్కడ దీనికి నీళ్లు దొరకలేదు, గీతలన్నీ ఇరుక్కున్నాయి. ఇక్కడేమో బండ అడ్డమొచ్చింది, చుట్టూ తిరిగి పోయింది చూడు. బతుకంతా విప్పి చెబుతుంటే నేనెక్కడ ఉలి పెట్టను?”

“నేనూ విప్పి చెబుతూనే ఉన్నాను. నా మొహాన ఎప్పుడైనా గిన్నెడు నీళ్లు పోశావా?”

“పోస్తే ఊరుకుంటావా?”

ఊరుకోను, నిజమే.

ఈ చలికాలం మా వీధి చివరి గుళ్లో పెదతాతకు చెదలు పట్టింది. నేలను, పంటను కాచే దేవుణ్ని మావాళ్లు పెదతాత అనే పిలుస్తారు. గుడి పెద్ద లియు మామ తుడుద్దామని విగ్రహాన్ని ఎత్తితే గడ్డం ఊడి చేతిలోకి వచ్చింది. ఆ గడ్డం పట్టుకుని ఆయన వీధంతా పరుగెత్తడం చూసి, ఏడవాల్సిన వాళ్లు కూడా నవ్వారు.

కొత్త విగ్రహం పని మా ఆయనకే వచ్చింది. సంతోషించాల్సిందే. కానీ మాకో ఆనవాయితీ ఉంది. శిల్పి తన ఇంట్లో ఉన్న చెక్కంతా పెదతాతకు చూపించాలి. తన ఒళ్లు ఏ చెక్కతో కావాలో ఆయనే చెబుతాడు. చెక్కడం అయ్యాక మొహానికి ఎర్రరంగు, అంగీకి బంగారురేకు. వేలెడు చెక్క కూడా బయటికి కనిపించదు. పెదతాత గనక ఆ వేరును కోరాడంటే మా ఆయన ముప్పయ్యొక్క ఏళ్ల మురిపెం రంగు కింద పడి పోయినట్టే.

చూపించే రోజు పొద్దున మా ఆయన ఎనిమిది మొద్దులు వాకిట్లో వరసగా పేర్చాడు. గంజి ముందు కూర్చుని గుక్క దిగక నావైపు చూశాడు.

“చెక్క చూపించమన్నారు. అది వేరు. వేరు చూపించమని ఎవరూ అనలేదు కదా?”

“నన్నెందుకు అడుగుతావ్? వెళ్లి పెదతాతనే అడుగు.”

ఆయన దిగాలుగా గుడికి బయల్దేరాడు, అందరితో కలిసి దేవుణ్ని తీసుకురావడానికి. నేను మాత్రం చొక్కా చేతులు పైకి మడిచాను. లియు మామకు కళ్లు మూసుకుని వాసనతో చెక్కను చెప్పే ముక్కుంది. ఆ ముక్కు మా వాకిట్లోకి వస్తే కొట్టం దాకా పోకుండా ఆగుతుందా? గడ్డపార పెట్టి నా సవతిని దొర్లించుకుంటూ ఊరగాయల గదిలోకి తోశాను. ఒక మూల నిలబెట్టి, ఉప్పు చల్లి ఉంచిన ఆవాకు కుప్పనంతా దాని మీద పోశాను. కర్పూరాన్ని మించి కంపు కొట్టేది మా ఇంట్లో అదొక్కటే. ఆయనకు చెప్పలేదు. చెబితే ఆ మొహమే పట్టిచ్చేస్తుంది.

పెదతాతను చిన్న కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు, గడ్డం లేకుండా. వెనక వీధంతా వచ్చింది. లియు మామ అగరొత్తులు వెలిగించి, దేవుణ్ని ప్రశ్న అడగడానికి వేసే నెలవంకల్లాంటి రెండు అడుగుచెక్కలు చేతిలోకి తీసుకున్నాడు. వాటికి ఒకవైపు చదును, ఒకవైపు బొద్దు. కిందపడినప్పుడు ఒకటి అలా, ఒకటి ఇలా ఉంటే ఔను. రెండు బొద్దులూ పైకి తేలితే కాదు. రెండు చదునులూ పైకి తేలితే పెదతాత జవాబివ్వకుండా నవ్వుతున్నాడని. పెద్ద పనులకు వరసగా మూడు ఔనులు కావాలి.

“పెదతాతా, ఈ మొదటి మొద్దు కావాలా?”

టకటకమని పడ్డాయి. నవ్వు.

“రెండోది?” నవ్వు. “మూడోది?” నవ్వు.

పక్కింటి యున్ వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఆఖున్, నీ మొద్దులు చూస్తే నాకూ అలాగే ఉందయ్యా.”

ఎనిమిది మొద్దులకూ ఎనిమిది నవ్వులు. మళ్లీ మొదటినుంచి అడిగారు. తొమ్మిది, పది, పదకొండు. పుట్టి బుద్ధెరిగి ఎవరూ అలాంటిది చూడలేదు. మొదట పిల్లలు కిచకిచలాడారు. తర్వాత యున్ వదిన పడీ పడీ నవ్వింది. కుర్చీ మోసుకొచ్చిన ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊగిపోయారు. పన్నెండో నవ్వుకి లియు మామ కూడా కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. “ఏంటి పెదతాతా, ఇంత వయసొచ్చి? గడ్డం ఊడిందని సిగ్గు కూడా వదిలేశావా?”

నవ్వనిది మా ఆయనొక్కడే. పాలిపోయి నిలబడ్డాడు. చప్పున నేల మీద మోకరిల్లాడు.

“నన్నే, నన్ను చూసే నవ్వుతున్నాడు మామా. ఇంకొకటుంది, కొట్టంలో. కర్పూరపు వేరు. దాచలేదు, చూపించలేదు, అంతే. పెదతాత దగ్గర తెలివి చూపించాను. తీసుకెళ్లండి.”

అందరూ కొట్టంలోకి తోసుకుపోయారు. ముప్పయ్యొక్క ఏళ్లు అది కూర్చున్నచోట నేల మీద గుండ్రటి మచ్చ ఉంది. అంతే.

“పోయింది!” అన్నాడు మా ఆయన. ఆ మచ్చ మీద చెయ్యి పెట్టి కూర్చుండిపోయాడు. అది చూశాక నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

లియు మామ మళ్లీ అడుగుచెక్కలు వేశాడు. “పెదతాతా, దొంగలెత్తుకెళ్లారా?” నవ్వు. “ఇంట్లోనే ఉందా?” ఔను. “ఎక్కడుందో ఆఖున్‌కి తెలుసా?” కాదు. లియు మామ మెల్లగా తలతిప్పి నావైపు చూశాడు. “కిన్‌మోయ్‌కి తెలుసా?”

ఔను. ఔను. ఔను.

ఇక నావల్ల కాలేదు. ఫక్కున నవ్వేశాను, కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. ఊరగాయల గదికి నడిచి రెండు చేతులా ఆవాకు లాగి అవతల పారేశాను.

“దొంగ ముండవే నువ్వు!” యున్ వదిన అరిచింది. “రోజూ గోడ మీంచి దాన్ని తిడుతూనే ఉంటావు కదే! సవతి, సవతి అని!”

“తిడతాను. నా ఇష్టం. అది పోతే ఎవర్ని తిట్టుకోను? ఆయన పొరుగూరు అమ్మకానికెళ్లిన రోజుల్లో దానికి నీళ్లెవరు పోశారనుకున్నారు, మీరా?”

మా ఆయన నన్ను చూసిన చూపు నేను చెప్పను. అది నాది.

ఉప్పునీట నానిన వేరు బయటికి వచ్చింది. గిన్నెడు నీళ్లకు కనిపించేది ఒక్క ముఖమే. ఈసారి ఒళ్లంతా తడిసింది. తలుపులోంచి పడిన ఎండలో గీతలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ, ముడుల దగ్గర సుడిపడుతూ, కింద జడల్లా జారుతూ కదులుతున్నట్టే ఉన్నాయి. తేనెరంగులో ఎరుపు కరిగిపోతోంది. ఆవాకు కంపును తన్నేసి కర్పూరం గుప్పుమంది. ఎంత బాగుందో! చూస్తే ఏడుపొచ్చేంత బాగుంది.

“పెదతాతా,” అన్నాడు లియు మామ చిన్నగా, “ఇది కావాలా?”

ఔను. ఔను. ఔను.

జనం కేకలు పెట్టారు. మా ఆయన తలూపాడు. “తీసుకో పెదతాతా. నీదే. కాకపోతే రంగు…” అని ఆగిపోయాడు.

“రంగు వెయ్యకుండా ఎలారా? ఎర్ర మొహం, బంగారు అంగీ లేకపోతే దేవుడని ఎవరనుకుంటారు?” అంటూ లియు మామ దాన్నీ అడిగాడు. నవ్వు. “పోనీ, అంగీకి మాత్రం?” నవ్వు.

నేను చెక్కలు ఆయన చేతిలోంచి లాక్కున్నాను. “ఉండు మామా, నీకు అడగడం రాదు. పెదతాతా, నీ ఒంటి మీద ఈ గీతలన్నీ నీవే. బట్టకట్టుకోకుండా కూర్చోడానికి సిగ్గులేదు కదా?” చెక్కలు ఎగరేశాను. ఔను. మళ్లీ ఔను. మూడోసారి ఒక చెక్క పడి, గిర్రున తిరిగి, ఎటూ తేల్చుకోనట్టు అంచు మీద ఊగింది. వీధి వీధంతా ఊపిరి బిగబట్టింది. ఔను!

యున్ వదిన నన్ను ఎత్తి తిప్పింది. నడుం పట్టేసి వారం రోజులు ఇద్దరం మంచం దిగలేదు.

మా ఆయనకు నలభై రోజులు పట్టింది. ముప్పయ్యొక్క ఏళ్లు చూశాడు కాబట్టి తడుముకోవాల్సిన పనే లేకపోయింది. గడ్డం చెక్కలేదు. కిందికి జారే ఆ గీతలనే గడ్డంగా వదిలేశాడు. బండ చుట్టూ తిరిగిన సుడి ఉంది చూడండి, అది సరిగ్గా బుగ్గ మీదికి వచ్చింది. నవ్వుతున్న బుగ్గ. ఇప్పుడు పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని గుడికి నేనే వెళ్తాను. ఆయన వచ్చేసరికి గీతలు లేపి ఉంచుతాను. అన్నేళ్లు తిట్టినదానికి రోజూ దండం పెట్టాల్సి వస్తోంది.

విగ్రహం గుడికి చేరిన మర్నాడు మా ఆయన నా ముందు ఒక కర్ర పెట్టాడు. ఊరబెట్టే ఆవాకును సీసాలో కూరడానికి వాడే కర్ర. బొమ్మలూ పువ్వులూ ఏమీ చెక్కలేదు. నున్నగా తోమి వదిలాడు. పొడుగునా రెండు గీతలు, ఒక తేనెరంగుది, ఒక ఎర్రది, పక్కపక్కనే పోతున్నాయి.

“మిగిలిన ముక్క,” అన్నాడు. “ఎక్కడ ఉలి పెట్టాలో దీనికి నాకు తెలియలేదు. అందుకే పెట్టలేదు.”

ఆ కర్రతోనే ఇరవై సీసాల్లో ఆవాకు కూరాను. అన్నిటికీ కర్పూరం వాసన పట్టింది. యున్ వదిన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, దేవుడి గది నాకినట్టుందని ఉమ్మేసింది. లియు మామ మర్యాదగా వద్దన్నాడు. ఊళ్లో ఒక్కరూ ముట్టలేదు. ఆయనా నేనూ పూటకింత గంజిలో నంజుకుంటూ ఇరవై సీసాలూ ఖాళీ చేశాం.